‘కనీసం ఇద్దరు’ గారికి ఒక్కదాన్నే రాస్తున్న ఉత్తరం

మినిమో దోస్ పెర్సోనాస్ గారికి,

ఉభయకుశలోపరి. చూశారా, మా పాతకాలపు తెలుగు ఉత్తరం మొదలయ్యేదే ఇద్దరితో. ఈ ఒక్క మాటా మీకు నచ్చుతుంది, తర్వాతవి నచ్చుతాయని చెప్పలేను.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మొన్న మే నెలలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో మూడు మధ్యాహ్నాలు వరసగా మూడు హోటళ్ల ముందు నిలబడి, మెనూ కార్డు అడుగున ఆవగింజంత అక్షరాల్లో ఉన్న మిమ్మల్ని ఫోన్‌లో ఫోటో తీసి, పెద్దది చేసుకుని మరీ చదివిన మనిషిని. పైన వంటకాల పేర్లు లావుగా ఉన్నాయి, పక్కన ధర, ధర పక్కన ‘మనిషికి’ అని ఉంది. మనిషికి 18 యూరోలు, అంటే దాదాపు 1,800 రూపాయలు, గుండె కలుక్కుమన్నా సరే ఇంత దూరం వచ్చింది పాయెయా అనే ఈ అన్నం వంటకం కోసమే కదా అని లోపలికి అడుగు వేయబోతే కింద మీరు. ‘మినిమో దోస్ పెర్సోనాస్’, అంటే కనీసం ఇద్దరుండాలి. ధరేమో మనిషికట, ఆ మనిషి ఒక్కతే వస్తే మాత్రం చెల్లదట! మా విజయవాడలో ఏ కొట్టువాడైనా ఇలా బోర్డు పెడితే సాయంత్రానికి ఆ బోర్డు ఉండదు.

నేను ఒక్కదాన్నే ఎందుకొచ్చానో మీకు అనవసరం, అయినా చెబుతాను, ఎందుకంటే మీరు అడగకుండానే అడిగినట్టు ఉంటారు. నిజానికి నలుగురం రావాల్సింది. ఆరు నెలలు వాట్సాప్ గ్రూపులో మేం చూడని చోటు లేదు, తినని తిండి లేదు. టికెట్లు కొనే రోజుకి ఒకామెకి లీవు దొరకలేదు, ఇంకొకామె కొడుక్కి పరీక్షలొచ్చాయి, మూడో ఆమె ‘మా ఆయన్ని అడిగి చెప్తా’ అంది, ఇప్పటికీ అడుగుతూనే ఉంది. నేను కొనేశాను. అప్పట్నుంచి మొదలైంది. ‘ఒక్కదానివేనా?’ అని మా పెద్దత్తయ్య, ‘ఒక్కరేనా మేడమ్?’ అని వీసా కౌంటర్‌లో అబ్బాయి, విమానంలో పక్క సీటు పెద్దాయన అయితే మూడుసార్లు, నిద్రలోంచి లేచినప్పుడల్లా. ముప్పై ఆరేళ్లొచ్చిన ఆడమనిషికి ఈ ప్రశ్న కొత్త కాదు, మా వైపు పెళ్లి కార్డు మీద సకుటుంబ సపరివారంగా రమ్మంటారు, వ్రతం పీటల మీద దంపతులే కూర్చోవాలంటారు, అలవాటైపోయింది. ఆ ప్రశ్న వినపడని ఊరికి పోదామనే కదా ఏడు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చాను. తీరా వస్తే ఆ ప్రశ్న ఇక్కడ ఏకంగా అచ్చేసి, లామినేషన్ చేయించి ఉంది.

మీ తరఫు వాదన నేను వినలేదని అనుకోకండి. రెండో రోజు హోటల్లో పనిచేసే కుర్రాడు ఓపికగా, చేతులతో సహా చెప్పాడు. పాయెయా అంటే అసలు ఆ పెనం పేరేనట, అందులో వండుతారు కాబట్టి వంటకానికీ అదే పేరు. వెడల్పాటి పెనంలో బియ్యం పలచగా పరుచుకోవాలి, కుప్పగా పడకూడదు, ఒకసారి పోశాక కలపకూడదు, నీళ్లు సరిగ్గా బియ్యం ఉడికేసరికి ఇగిరిపోవాలి, అప్పుడే అడుగున మాడు కడుతుంది. ఆ మాడుని సొకర్రాట్ అంటారు. ఒక్కరికైనా నలుగురికైనా పొయ్యి అదే, మనిషి అదే, మాంసం వేగడం దగ్గర్నుంచి పట్టే సమయమూ అదే. పెనం మరీ చిన్నదైతే నీళ్లు ముందే ఇగిరిపోయి బియ్యం పలుకు మీద ఉండిపోతుందట. అన్నం వండుకునే జాతికి పుట్టినదాన్ని, ఇదంతా నాకు అర్థం కాదా? అర్థమైంది. ఒప్పుకున్నాను కూడా. మెనూ దెల్ దియా అని మధ్యాహ్నం భోజనం పెట్టే చోట పెద్ద పెనంలోంచి ఒక ప్లేటు తీసిస్తారని చెప్పే తెలివైనవాళ్లకీ ముందే జవాబిస్తున్నాను: ఇస్తారు, కానీ మాడు మన వంతుకి రావాలని ఏముంది? నాకు కావాల్సింది నా పెనం, నా మాడు.

అయినా మీ పట్టుదల చూస్తే ఇది వంట సంగతి కాదేమో అనిపిస్తుంది. పాయెయా స్పెల్లింగ్‌లో ‘ఎల్’ అక్షరం జంటగా రాస్తారు, రెంటిలో ఒక్కదాన్నీ ‘ల’ అని పలకరు. వాలెన్సియా వాళ్ల అసలు పాయెయాలో రొయ్యలుండవు, కోడీ కుందేలూ కలిపి వేస్తారు, అక్కడా జంటే. వాటితో పాటు బల్లపరుపు చిక్కుడుకాయలు, గరొఫో అనే పెద్ద తెల్ల గింజలు. ఆ గింజల్ని మా హైదరాబాద్ కూరగాయల మార్కెట్లో ఏమంటారో తెలుసా? డబుల్ బీన్స్. ఇంక నేను ఏం మాట్లాడను!

మీ మీద నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. సెంట్రల్ మార్కెట్ దగ్గర ఒక ఇనుప సామాన్ల దుకాణంలో పెనాలు పెద్దదాని మీద చిన్నది పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఎంతమందికి సరిపోతుందో చీటీ అంటించి ఉంది. అన్నిటికంటే అడుగున ఉన్నది నలభైమందికి, మా ఊళ్లో వంటవాళ్లు సంతర్పణకి తెచ్చే బూరెల మూకుడంత. అన్నిటికంటే పైన అరచేయి కంటే కాస్త పెద్దది, రెండు చిన్న ఎర్ర చెవులతో. దాని చీటీ మీద ఉంది: 1. ఒక్కరికి! నేను దాన్ని పట్టుకుని దుకాణం ఆయన దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆయన చూసి, నవ్వి, అది గుడ్లు వేయించుకోవడానికి అన్నాడు.

ఊరు మాత్రం నాతో బాగానే ఉంది, అది చెప్పకపోతే పాపం. కేథడ్రల్ పక్కన మికలెత్ గంట గోపురానికి 207 మెట్లు, సన్నటి మెలికల దారి, పైనుంచి ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కోవాలి, అక్కడ ఇద్దరు పక్కపక్కన నడవమన్నా నడవలేరు. పట్టు బేరాల కోసం పదిహేనో శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన లోంజాలో తాడు పేనినట్టు మెలితిరిగిన స్తంభాల మధ్య గంటసేపు కూర్చున్నాను, ఇంకొకరేరని ఎవరూ అడగలేదు. ఉదయం పదిన్నరకి ఎస్మోర్సారెత్ అని ఒక తిండి ఉంది, టిఫిన్‌కీ భోజనానికీ మధ్యలో, నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే రొట్టెలో గుడ్డు అట్టో మాంసమో పెట్టి, వేరుశనక్కాయలు, ఆలివ్ కాయలు పక్కన పడేసి ఇస్తారు. అది ఒక్కరికే. ఇద్దరు తినాల్సింది ఒక్కరికి, ఒక్కరు తినగలిగింది ఇద్దరికి. మీ ఊరి కొలతలు నాకు ఒంటబట్టలేదు. అంటే మా హైదరాబాద్ సింగిల్ బిర్యానీ కూడా ఇద్దరికి వస్తుందనుకోండి, కానీ మావాళ్లు ఆ రెండో మనిషిని చూపించమనరు.

మెట్రో ఎక్కి అల్బొరాయా వెళ్లి ఒర్చాతా తాగాను. చుఫా అనే చిన్న చిన్న దుంపల్ని నానబెట్టి, రుబ్బి, పిండిన పాలు, చల్లగా, కొంచెం కొబ్బరిపాలలా కొంచెం బాదంపాలలా ఉంటాయి, అందులో ఫార్తోన్ అనే పొడుగాటి మెత్తటి బన్ను ముంచుకుని తింటారు. ఆ దుంప మన తుంగ జాతిదే. నాన్నకి ఫోన్లో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘జీవితమంతా చేలో తుంగ పీకలేక చచ్చాను, నువ్వు డబ్బులిచ్చి తాగొచ్చావా’ అన్నాడు.

గురువారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కేథడ్రల్ గుమ్మం ముందు నీళ్ల కోర్టు చూశాను. మీరు కూడా ఒకసారి వెళ్లి చూడాలి, అందుకే రాస్తున్నాను. తూరియా నది కాలువల కింద సేద్యం చేసే రైతుల తగాదాలు తీర్చే కోర్టు అది, వందల ఏళ్లుగా నడుస్తోంది, 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నల్ల అంగీలు వేసుకున్న ఎనిమిది మంది రైతు ప్రతినిధులు గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటారు. లాయర్లుండరు, విచారణంతా నోటి మాటే. బంట్రోతు ఒక్కో కాలువ పేరూ పిలిచి, ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్లు రండి అంటాడు. మా తాత కాలువ నీటి వంతు కోసం అర్ధరాత్రి పార భుజాన వేసుకుని గట్టు మీద కాపలా కాసేవాడని విన్నదాన్ని కాబట్టి ఊపిరి బిగబట్టి చూశాను. ఎనిమిది కాలువల పేర్లూ పిలిచారు. ఒక్కరూ రాలేదు. కుర్చీల్లోంచి లేచారు, వెళ్లిపోయారు, అంతా కలిపి ఐదు నిమిషాలు. చాలా వారాలు అంతేనట. ఎవ్వరూ రాకపోయినా ఎనిమిది మంది అంగీలు తొడుక్కుని కూర్చునే కోర్టు ఉన్న ఊళ్లో, ఒక్కదాన్ని ఆకలితో వస్తే పొయ్యి వెలిగించరా అండీ?

ఇంకో మాట. 1957 అక్టోబరులో తూరియాకి వరదొచ్చి ఊరు మునిగితే, ఆ నదిని తీసుకెళ్లి ఊరికి దక్షిణంగా కొత్త దారిలో పారించారు మీవాళ్లు. ఎండిన పాత నదిలో పెద్ద రోడ్డు వేద్దామనుకుంటే జనం వద్దని గొడవ చేసి తోట వేయించుకున్నారు, ఇప్పుడు వంతెనల కింద నారింజ చెట్ల మధ్య కిలోమీటర్ల కొద్దీ నడవొచ్చు. అంటే నదిని జరపగలిగారు, మిమ్మల్ని మాత్రం మెనూ కార్డు మీద ఒక అంగుళం జరపలేకపోయారు.

ఇక నాలుగో రోజు సంగతి. నేను చేసింది తప్పే, ఒప్పుకుంటాను, కానీ చేయించింది మీరు. ఊరికి దక్షిణంగా అల్బుఫేరా సరస్సు పక్కగా ఎల్ పాల్మార్ అనే పల్లెకి బస్సెక్కాను, బియ్యం పండేది అక్కడే. రోడ్డుకి రెండు వైపులా నీళ్లు పెట్టిన మళ్లు, గట్ల మీద కొంగలు, కిటికీలోంచి చూస్తుంటే ఉయ్యూరు దాటాక ఇంకో పావుగంటలో అమ్మమ్మ వాళ్లింటికి చేరతాననిపించింది. ఇక్కడ నాట్లుండవు, నీళ్లలోనే విత్తనం చల్లేస్తారు. ఇంత తెలిసినదాన్ని, ఈ బియ్యం తినకుండా పోతే ఎలా? హోటల్ గుమ్మంలో ఎంతమంది అని అడిగితే రెండు వేళ్లు చూపించాను.

రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు, రెండు న్యాప్‌కిన్లు పెట్టారు. ఇంకొకరు వచ్చాక బియ్యం పోయించనా అని అడిగాడు వడ్డించే ఆయన, యాభై దాటిన మనిషి. పోసేయండి, దారిలో ఉన్నారు అన్నాను. హైదరాబాద్‌లో ఇంట్లోంచి కదలకముందే చెప్పే మాట అది, నాలుక మీద తయారుగా ఉంటుంది. పది నిమిషాలకోసారి ఆయన అటు వచ్చినప్పుడల్లా నేను స్క్రీన్ ఆపేసి ఉన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ‘ఎక్కడున్నావ్? బస్సు దిగావా? సరే, చర్చి పక్క సందులో రా’ అని తెలుగులో గట్టిగా మాట్లాడాను. ఒకసారైతే నిజంగానే విసుక్కున్నాను కూడా, ఎప్పుడూ లేటే అని.

పెనం వచ్చింది. వేలెడు మందం కూడా లేదు అన్నం, కుంకుమపువ్వు రంగులో, మీద ఒక రోజ్‌మేరీ కొమ్మ, మధ్యలో డబుల్ బీన్స్ వెన్నలా. చెంచాతో అంచు దగ్గర గీరితే కర్రుమని చప్పుడు. అమ్మ అన్నం గిన్నె అడుగు గీకేటప్పుడు వచ్చే చప్పుడే, కాకపోతే ఇంట్లో ఆ మాడు ఎప్పుడూ అమ్మ ప్లేట్లోకే పోయేది, ఆవిడ ఒక్కతే వంటింట్లో నిలబడి మజ్జిగ పోసుకుని తినేది. ఇక్కడ మొత్తం నాదే. గుండ్రంగా అంచు వెంట తిరుగుతూ ముప్పావు వంతు తిన్నాను. ఆ పెద్దాయన ఒకసారి వచ్చి ఎదుటి కుర్చీ ముందున్న శుభ్రమైన ప్లేటు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లాడు. ఏమీ అనలేదు. నేను ఫోన్ ఎత్తడం ఆపేశాను.

బిల్లు మీద పాయెయా 2, రొట్టె 2, మనుషులు 2 అని వచ్చింది. నేను రొట్టె ముట్టుకోలేదు, రానివాళ్లు అసలే ముట్టుకోలేదు. ఇది నవ్వుకోవాల్సిన సంగతి అనిపించి, పెనం పక్కన బిల్లు పెట్టి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. నా బుద్ధి గడ్డి తిని.

మీరు ఆవగింజంత అక్షరాల్లో ఉంటే నేను పెద్దది చేసుకుని చదివాను కదా, మా పెద్దత్తయ్య కూడా నాకేం తీసిపోదు. హోటల్ గదికి వచ్చేసరికి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ ఉంది. తిండి ఎలా ఉందని అడగలేదు, సరస్సు సంగతి అడగలేదు. ‘ఒక్కదాన్నే అన్నావు, రెండు ప్లేట్లున్నాయి, బిల్లులో రెండుంది, ఎవరే అతను? ఏం చేస్తుంటాడు? మనవాళ్లేనా?’ ఆ తర్వాత మూడున్నర నిమిషాలు ముహూర్తాలు.

సంబంధం కుదిర్చింది మీరే కాబట్టి ఆవిడకి జవాబు కూడా మీరే రాయండి. నంబర్ పంపిస్తాను.

ఇట్లు,
ఆ ఇద్దరిలో ఒకతె