చెప్పమన్నదీ మీరే, చెబితే శిక్షించేదీ మీరే

నర్సింగ్ డిగ్రీ చదువులోకి రోగి భద్రత పాఠం వచ్చి చేరింది. రావలసిందే. పుస్తకంలో అధ్యాయం ఉంది, పరీక్షలో ప్రశ్న వస్తోంది, ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి గోడపత్రాలు కూడా వెలుస్తున్నాయి. పొరపాటు జరిగితే దాచవద్దు, వెంటనే చెప్పండి అని తరగతిలో బోధిస్తున్నారు. ఆ మాట నమ్మి వార్డులో నోరు విప్పిన విద్యార్థినికి ఎదురవుతున్నది మాత్రం అందరి ముందూ చీవాట్లు, సంజాయిషీ లేఖ, ఇంటర్నల్ మార్కుల్లో కోత. తరగతిలో ఒక నీతి, వార్డులో మరో నీతి. ఈ రెండు నాల్కల ధోరణి రోగుల ప్రాణాల మీదికి తెస్తోంది.

ఇన్సులిన్ సంగతే చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే మందుకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. రెండు రకాలూ ఒకే ట్రేలో కలిసి పడి ఉన్నాయనుకుందాం. డ్యూటీ ముగిసే వేళ, ఇద్దరు ముగ్గురు రోగులు ఒకేసారి పిలుస్తున్నప్పుడు, మూడో సంవత్సరం విద్యార్థిని 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజిలోకి 10వ గీత దాకా మందు తీసింది. కంటికి కనిపించేది 10 యూనిట్లు. లోపల ఉన్నది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. మంచం దగ్గరికి వెళ్ళాక సిరంజి మీద అంకె కంటబడి చేయి ఆగింది. రోగికి ఏమీ కాలేదు. ఈ సంగతి ఆమె చెబితే ట్రేలో సిరంజిలు వేరవుతాయి, రాత్రి డ్యూటీకి వచ్చే మరో అమ్మాయి అదే గోతిలో పడదు. చెప్పకుంటే తన మార్కులు క్షేమం. ఇరవై ఏళ్ళ పిల్లను ఈ తూకం ముందు నిలబెట్టింది ఎవరు?

ఆరోగ్య సంరక్షణలో ప్రతి 10 మంది రోగుల్లో సుమారు ఒకరికి హాని జరుగుతోందనీ, భద్రత లేని వైద్యం వల్ల ఏటా 30 లక్షల మందికి పైగా చనిపోతున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ హానిలో సగానికి పైగా నివారించదగినదేనట. నివారించాలంటే ముందు తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పిన వారికి ఏమవుతుందో విద్యార్థులు చూస్తూనే ఉన్నారు.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో జరిగింది చూడండి. 2017 డిసెంబరులో ఒక నర్సు మత్తుమందు కోసం మందుల యంత్రంలో దాని పేరులోని మొదటి రెండక్షరాలు కొట్టి, అవే అక్షరాలతో మొదలయ్యే మరో మందు తీసింది. అది కండరాలను, ఊపిరిని స్తంభింపజేసే మందు. వృద్ధ రోగి చనిపోయారు. సీసా మీది హెచ్చరికను ఆ నర్సు చదవలేదు. అది చిన్న తప్పు కాదు, ఆ కుటుంబానికి జరిగిన నష్టం తీరేదీ కాదు. కానీ తన తప్పును ఆమె తానే ఒప్పుకుంది. 2022లో కోర్టు ఆమెను నేరస్థురాలిగా తేల్చి మూడేళ్ళ ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) విధించింది. తప్పులు చెప్పుకోవడానికి ఇక నర్సులు జంకుతారని అమెరికన్ నర్సుల సంఘం అప్పుడే ఆందోళన చెందింది. ఒప్పుకోలు నేరపత్రంగా మారే ఆనవాయితీ ఎంత దూరం పోతుందో అక్కడ కనిపించింది. దాని చిన్న రూపమే కాలేజీల్లోని సంజాయిషీ లేఖ.

ప్రాణాలతో ముడిపడిన వృత్తిలో క్రమశిక్షణ ఉండాలని కొందరు అధ్యాపకుల వాదన. ఉండాలి. తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసిన వారిని, రికార్డు తారుమారు చేసిన వారిని వదలమని ఎవరూ అనరు. అయితే చేయి జారడం వేరు, బరితెగించడం వేరు. ఈ తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టి భయపెడితే తప్పులు తగ్గవు, కనిపించకుండా పోతాయి. విద్యార్థి నేర్చుకునేది జాగ్రత్త కాదు, దాపరికం. నాలుగేళ్ళు దాచడం నేర్చుకున్న మనిషి ఉద్యోగంలో చేరిన మర్నాడు నిజాయతీగా మారిపోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే వైద్య, నర్సింగ్ విద్యార్థులందరికీ పనికొచ్చేలా రోగి భద్రతా పాఠ్యప్రణాళిక మార్గదర్శి ఇచ్చింది. పొరపాట్ల నుంచి నేర్చుకోవడం అందులో ఒక అంశం. కొరత పాఠానికి కాదు, పాఠం చెప్పేవారి ఆచరణకు. విద్యార్థి తనంతట తాను ఇచ్చిన నివేదికకూ మార్కులకూ సంబంధం తెంచాలి. తప్పిన ప్రమాదం మీద రాసిన నివేదికను అభ్యాసంగా లెక్కించి లాగ్‌బుక్‌లో చోటివ్వాలి. ‘సార్, ఈ డోసు మళ్ళీ ఒకసారి చూడండి’ అని డాక్టరుతో అనడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుసు. ఆ మాటను బొమ్మ రోగి పక్కన, వైద్య విద్యార్థులతో కలిపి, పదిసార్లు పలికించాలి. అన్నిటికంటే ముందు, అధ్యాపకులు తమ సొంత పొరపాటు ఒకటి తరగతిలో చెప్పాలి. ఎన్నడూ పొరపడనట్టు నిలబడే గురువు ముందు ఏ శిష్యురాలు తన తప్పు విప్పుతుంది?

ప్రిన్సిపాళ్ళు ఒక పని చేయాలి. గడిచిన ఏడాదిలో మీ విద్యార్థులు స్వయంగా చెప్పిన పొరపాట్లు ఎన్నో రిజిస్టరు తీసి చూడండి. సున్నా కనిపిస్తే దాన్ని తనిఖీ బృందానికి గొప్పగా చూపించకండి. వందలాది చేతులు రోజూ మందులు కలిపే చోట సున్నా రాదు. మీ పిల్లలు మీకు చెప్పడం మానేశారు, అంతే.