అణు రియాక్టర్ల డబ్బు గాజులమండ్యం దాకా ఎందుకు రాదు?

2017 మే నెలలో కేంద్రం ఒకేసారి పది అణు రియాక్టర్లకు అనుమతి ఇచ్చింది. ఒక్కొక్కటి 700 మెగావాట్లు, అన్నీ స్వదేశీ నమూనాలే. దేశీయ పరిశ్రమకు దాదాపు 70,000 కోట్ల ఆర్డర్లు వస్తాయన్నారు. తిరుపతి పక్కన గాజులమండ్యం పారిశ్రామికవాడలో మూడు లేత్‌లు, తొమ్మిది మంది పనివాళ్లతో షాపు నడుపుతున్న నేను ఆ వార్తను రెండుసార్లు చదువుకున్నాను.

తర్వాత ఒక పెద్ద కాంట్రాక్టు సంస్థ ద్వారా అణు కేంద్రానికి వెళ్లే ఫ్లాంజిల (పైపులను కలిపే ఉక్కు చక్రాల) పని మాకు దొరికింది. కష్టమైన పని. ఉక్కు ఏ పోతలో తయారైందో చెప్పే హీట్ నంబర్ ప్రతి ముక్క మీదా ఉండాలి. ముక్కను కోసే ముందే ఆ నంబర్‌ను రెండో భాగం మీద కూడా గుద్దాలి. మరిచిపోతే కొలతలన్నీ సరిగ్గా ఉన్నా ఆ ముక్క తుక్కే. ఈ కఠినత్వం మీద నాకు ఫిర్యాదు లేదు, అక్కడ అలాగే ఉండాలి. చిన్న షాపులకు అణు పని ఇస్తే ప్రమాదమని అనేవారికి కూడా నేను చెప్పేది అదే: ఇంకా గట్టిగా పరీక్షించండి.

కానీ బిల్లు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నుంచి చట్టం ఉంది. అడిగితే మళ్లీ పని రాదేమోనన్న భయంతో అడగలేదు. అయినా పని రాలేదు.

అసలు దెబ్బ అదే. ఒక వెల్డింగ్ పద్ధతిలో పరీక్ష నెగ్గిన వెల్డర్ ఆ పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే అతని అర్హత చెల్లదు. ఆర్డరు రెండేళ్లకొకసారి వస్తే ఆ మనిషిని ఎలా నిలుపుకోవాలి? మా వెల్డర్ తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లావని అడిగే ముఖం నాకు లేదు.

1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత అప్పటిదాకా సాయం చేసిన కెనడా చేతులెత్తేస్తే రాజస్థాన్‌లోని రావత్‌భాటా రెండో రియాక్టర్‌ను మనవాళ్లే పూర్తి చేశారు. తర్వాత కల్పాక్కం, ఆ తర్వాత నరోరా. ఒకదాని వెనుక ఒకటి పని ఉంది కాబట్టి చేతులు నేర్చుకున్నాయి. హైదరాబాద్‌లో ప్రజల డబ్బుతో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే ఈసీఐఎల్ పెట్టారు కాబట్టే ఆ చుట్టుపక్కల షాపులకు ఈ విద్య అబ్బింది. మాకు మన్నవరం ఉంది. 2010లో ప్రధాని శంకుస్థాపన చేసిన విద్యుత్ పరికరాల కర్మాగారం. అది చెప్పినట్టు నడిచి ఉంటే మా పిల్లలు పొట్ట చేత పట్టుకుని తమిళనాడు వెళ్లేవారు కాదు.

సబ్సిడీ అడగడం లేదు. ఏర్పేడులో ఐఐటీ ఉంది, అక్కడ ఎక్స్‌రే, లోహ పరీక్షల కేంద్రం పెట్టండి. ప్రతి ముక్కనూ చెన్నైకి మోస్తున్నాం. కింది షాపుకు డబ్బు చేరిందని రుజువు చూపేదాకా పై కాంట్రాక్టరుకు తర్వాతి విడత ఆపండి. ఏ విడిభాగం టెండరు ఏ ఏడాది వస్తుందో ఐదేళ్ల ముందే ప్రకటించండి. ఆ కాగితం చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాను, శ్రీపెరుంబుదూరుకు ఫోన్ చేసి మా వెల్డర్‌ను వెనక్కి పిలుస్తాను.