మా అమ్మని ‘నేనెవర్ని’ అని అడగబాకండి

ఆదివారం వస్తే మా ఇంట్లో పరీక్ష మొదలవుతుంది. చుట్టాలు చెప్పులు విప్పీ విప్పకముందే అమ్మ ఎదురుగా కూర్చుని ‘అత్తా, నేనెవర్ని? చెప్పు చూద్దాం’ అంటారు. అమ్మ నవ్వుతుంది. ‘తెలియకేం నాయనా, అన్నం తిన్నావా?’ అంటుంది. పేరు గుర్తు రానప్పుడల్లా ఆ మాటతోనే నెట్టుకొస్తోంది పాపం. వీళ్లు వదలరే! ‘అయితే పేరు చెప్పు మరి.’ దాంతో అమ్మ ముఖంలో నవ్వు పోయి బెదురు వస్తుంది. అప్పుడు నా వైపు తిరిగి, ఆమె అక్కడ లేనట్టే, ‘అంతా పోయిందబ్బా’ అంటారు.

ఏం పోయింది? ఆ మాట మీదే నా గొడవ.

అమ్మకి అల్జీమర్స్ అని తెలిసి నాలుగేళ్లయింది. మన బాలుగారు పుట్టిన 1946లోనే తానూ పుట్టానని చెప్పేది (ఆధార్‌లో మాత్రం నాలుగేళ్లు చిన్నది). నెల్లూరోణ్ణి కదా, నేను మొదట ఫోన్లో బాలు పాటలే పెట్టాను. పట్టించుకోలేదు. సరే, పెద్దావిడ కదా అని పొద్దున సుప్రభాతం, సాయంత్రం భజనలు పెట్టాను. పాట మధ్యలో ఎవడో ‘లోన్ కావాలా’ అని అరిస్తే ఉలిక్కిపడేది. ఒకరోజు ఫోను తీసి దిండు కింద కుక్కేసింది. జబ్బు ముదిరిందనుకున్నాను. ఆ పాటలు ఆమెకి నచ్చలేదన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. అసలు వయసు మీద పడితే అందరికీ భక్తి పాటలే కావాలని ఎవరు తేల్చారండీ? మా అమ్మ గుడిమెట్లు ఎక్కింది తక్కువ, కయ్యలోకి, అంటే వరి మడిలోకి, దిగింది ఎక్కువ.

మాది బుచ్చి దగ్గర, కనిగిరి రిజర్వాయరు కింద పల్లె. అమ్మ పన్నెండేళ్ల పిల్లప్పటి నుంచి నాట్లకు పోయింది. నాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. మా ఊరి ముఠాలో ఎత్తుకునేది అమ్మే. నాటు వేగమంతా ఆ మనిషి గొంతులోనే ఉంటుంది. ఎండ ముదిరితే పాటని సాగదీస్తుంది, మేస్త్రీ గట్టు మీదికి వస్తే ఊపు పెంచుతుంది. ఆయన మీద వెటకారం కూడా ఆ పాటలోనే నడిచిపోయేదట, ఆయనకి అర్థమయ్యేది కాదట.

నిరుటి నుంచి అమ్మని చూసుకోవడానికి కోవూరు వైపు నుంచి ఒకామె వస్తోంది. ఒకరోజు బియ్యంలో రాళ్లేరుకుంటూ తన పాటికి తాను ఏదో నాట్ల పాట కూనిరాగం తీస్తోంది. మంచం మీద నుంచి అమ్మ కసిరింది. ‘ఏందమ్మణ్ణీ, అట్నా ఎత్తుకునేది? నువ్వు అంత సాగదీస్తే నారు ఎండిపోద్ది!’ అని తనే ఎత్తుకుంది. చెల్లెల్ని పండక్కి పుట్టింటికి తీసుకుపోను వచ్చిన అన్న పాట. ఏడెనిమిది చరణాలు, ఒక్క మాట తడబడలేదు. వేళ్లు దుప్పటి మీద నారు గుచ్చుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక నన్ను చూసి ‘ఏం మేస్త్రీ, కూలి ఎప్పుడిస్తావు?’ అంది.

కన్నకొడుకు మేస్త్రీ అయిపోయాడు, పోనీండి. పాట ఎత్తుకునే మనిషిని నేనేనన్న దర్జా మాత్రం ఇసుమంత తగ్గలేదు.

ఇందులో మాయ లేదు. ఈ జబ్బు మెదడులో ముందుగా దెబ్బకొట్టే చోట్లలో హిప్పోకాంపస్ ఒకటి. కొత్త సంగతుల్ని దాచిపెట్టేది అదే. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. ఎన్నో ఏళ్లుగా తెలిసిన పాటలకు పనిచేసే చోట్లు వేరే ఉన్నాయనీ, అల్జీమర్స్‌లో అవి మిగతావాటికంటే తక్కువ దెబ్బతింటాయనీ 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు చూపించారు. పైగా పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్య మనసుకు పట్టినవి గట్టిగా నిలుస్తాయి. అమ్మ ఆ వయసంతా కయ్యల్లోనే గడిపింది.

డాక్టరు దగ్గర వందలోంచి ఏడు, అందులోంచి మళ్లీ ఏడు తీసేయమన్నారు. ఇది ఏ సంవత్సరం అని అడిగారు. జబ్బు కనిపెట్టడానికి అవి కావాలి, కాదనను. కానీ ఆ కాగితంలో ‘తప్పు పాడితే ఊరుకోదు’ అని రాయడానికి గడి లేదు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వచ్చిన ఒక అంచనా. ఎన్ని ఇళ్లలో ఆదివారం పరీక్షలు జరుగుతున్నాయో!

‘ఈ రాగం వింటే మతిమరుపు మాయం’ అని వాట్సాప్‌లో పంపేవాళ్లకి ఒక దండం. పాటతో దిగులు కొంత తగ్గొచ్చు, పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. పొద్దుగూకితే అమ్మ ఇప్పటికీ మూట కట్టుకుని ‘ఇంటికి పోవాల’ అంటుంది. స్నానానికి ఒక్కోరోజు పాట ఎత్తుకుని చేతులు పైకెత్తుతుంది, ఒక్కోరోజు చెంబు విసిరికొడుతుంది. ఒక పాట ఉంది, మొదలుపెడితే చాలు, ‘అది వద్దు’ అంటుంది. ఎందుకో చెప్పదు. మేమూ అడగం, పాడం.

మొన్న మా మేనల్లుడు అమ్మ పాడుతుంటే వీడియో తీసి, వెనక ఏడుపు మ్యూజిక్ కలిపి, ‘మనిషి లేదు, పాట మిగిలింది’ అని స్టేటస్ పెట్టాడు. ఫోన్ చేసి తిట్టాను. ఆ మనిషి నీ ఎదురుగా కూర్చుని, నువ్వు తాళం తప్పు వేస్తున్నావని నీ చెయ్యి పట్టుకుని ఆపింది కదరా! వీడియోలో నువ్వు కత్తిరించేసింది ఆ ముక్కనే. తీసేశాడు, నాతో మాటలు మానేశాడు. మానేయనీ.

బుచ్చి, కోవూరు, సంగం వైపు నాట్ల పాటలు తెలిసిన పెద్దమ్మలు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం తీసుకురండి. పొద్దుగూకకముందే రండి. ఫోన్లు వరండాలో పెట్టండి. పేరు అడగబాకండి, పాట మీరు ఎత్తుకోబాకండి. అమ్మ ఎత్తుకున్నాక అందుకోండి.