ఐజీఐ యోధులకు మాజీ సైనికుల హోదా ఇవ్వాల్సిందే

ఈ దేశంలో ఎవరు ఏ త్యాగం చేసినా ఎక్కడో ఒక సభ పెట్టి శాలువా అయినా కప్పుతారు. మధ్యలో సేవ్ చేసుకునే దిక్కు లేకుండా 'ప్రాజెక్ట్ ఐజీఐ' అనే కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్లకు మాత్రం ఇంతవరకూ ఆ శాలువా కూడా దక్కలేదు. బెంగళూరులో ఏ టెక్ పార్కులో రాయి విసిరినా ఇలాంటి తెలుగు యోధుడు ఒకడికి తగులుతుంది. ఇప్పుడు వాళ్లకు నలభై దాటింది. నడుం పట్టేస్తోంది. పైవాడు డెడ్‌లైన్ అంటున్నాడు, కిందవాడు లీవ్ అంటున్నాడు. వీళ్లను ప్రభుత్వం మాజీ సైనికులుగా గుర్తించాలన్నది నా డిమాండ్.

ఈ కాలం పిల్లల కోసం కాస్త చరిత్ర. 2000 సంవత్సరం చివర్లో నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ వదిలిన ఆట ఇది. డేవిడ్ జోన్స్ అనే ఒంటరి మనిషి, చోరీ అయిన అణుబాంబు, 14 మిషన్లు. చెవిలో అన్యా అనే అమ్మాయి సలహాలు చెబుతూ ఉంటుంది, సాయానికి మాత్రం రాదు. మిషన్ చివరి మెట్టు మీద చచ్చినా మళ్లీ మొదటి నుంచే. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినా ఎక్కడో ఒక గడిలో దింపుతుంది, ఐజీఐకి ఆ పాటి జాలి కూడా లేదు.

ఇంకో అన్యాయం ఉంది. అంతకుముందు అదే స్టూడియో 'జాయింట్ స్ట్రైక్ ఫైటర్' అని యుద్ధవిమానాల ఆట చేసింది. ఆ ఆటను నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజినే దీనికీ వాడారు. అంటే విమానాలు ఎగరడానికి పరిచిన నేల మీద మనల్ని కాలినడకన పంపారు! కొండలు దిగుతూనే ఉంటాం, కంచె మాత్రం అక్కడెక్కడో ఉంటుంది. 2008లో ప్రయాణికుల విమానాలన్నీ దేవనహళ్లిలోని కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయాక కూడా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద మిగిలిపోయిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా?

ఇక అలారం. కెమెరా కంట పడితే చాలు, అది మోగుతుంది. ఓ చిన్న గదిలోంచి కాపలావాళ్లు బయటికొస్తారు. ఇద్దరిని కాలిస్తే మరో ఇద్దరు, వాళ్లను కాలిస్తే ఇంకో ఇద్దరు. అంత చిన్న గదిలో అంతమంది ఎలా పట్టారని విమర్శకులు అడుగుతుంటారు. వాళ్లెవరూ మారతహళ్లిలో త్రీ షేరింగ్ పీజీలో ఉండి ఉండరు.

యుద్ధం కూడా అక్కడే జరిగింది. ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్, దాని చుట్టూ నలుగురు. మౌస్ ఒకడిది, కీబోర్డు ఇంకొకడిది. మూడోవాడు "ఎడమకి చూడరా, ఎడమకి!" అని అరవడానికి, నాలుగోవాడు తలుపు దగ్గర కాపలాకి. బోర్డర్ క్రాసింగ్ మిషన్. జోన్స్ ఒంగి నక్కి ఉన్నాడు, చేతిలో డ్రాగునోవ్ స్నైపర్ తుపాకీ. దూరాన టవర్ మీద ఒక్కడే మిగిలాడు, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదు. సరిగ్గా అప్పుడే కింద వంటింట్లో పీజీ ఆంటీ కొబ్బరి చట్నీకి మిక్సీ వేసింది. ఫ్యూజు ఎగిరింది. నలుగురం చీకట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అంటే చూసుకున్నట్టు అనుకున్నాం. మెట్ల కింద నుంచి నెల్లూరు యాసలో కేక: "ఆ తుపాకులు రేపు కాల్చుకుందురు గానీ, ముందు వచ్చి తినండి నాయనా!"

ఏ సైన్యంలోనైనా దీన్ని విద్రోహం కింద లెక్కేస్తారు. ఆంటీ పెట్టిన గోంగూర వల్ల మేం కేసు ఉపసంహరించుకున్నాం.

అయితే హోదా అనగానే బోగస్ లబ్ధిదారులు పుట్టుకొస్తారు. ట్రైనర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ వేసుకుని చావు లేకుండా ఆడినవాళ్లు దరఖాస్తు కూడా చేయకూడదు. 2003లో వచ్చిన ఐజీఐ 2లో లెక్కపెట్టి కొన్ని సేవ్‌లు ఇచ్చారు కాబట్టి అది ఆడినవాళ్లకు సగం పింఛను. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో తుపాకుల ఆట ఆడినవాళ్లు కూడా వచ్చి వరసలో నిలబడుతున్నారు. అందులో పోయినవాడు మరుసటి రౌండ్‌లో లేచి కూర్చుంటాడు, పునర్జన్మ ఉన్నవాడికి పింఛను దేనికి?

అసలైన యోధుణ్ని గుర్తుపట్టడం తేలికే. కెమెరా కనిపిస్తే ఏం చేస్తావని అడగండి. నకిలీగాడు "కాల్చేస్తా" అంటాడు. అసలువాడు "దాన్ని ఆపే కంప్యూటర్ ఎక్కడుందో వెతుకుతా" అంటాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉన్నాడు. ఇంట్లో డైటింగ్ నడుస్తోంది. రాత్రి పదకొండింటికి బిర్యానీ పొట్లంతో లాబీ కెమెరాకు చిక్కకుండా గోడ వారగా, జనరేటర్ వెనక నుంచి మెట్లెక్కుతాడు. ఒకసారి వాచ్‌మన్ "ఎవరు సార్ అది?" అని టార్చ్ వేశాడు. ఆయన వెంటనే ఒంగి కారు చాటుకు తప్పుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ శిక్షణ ఎక్కడికీ పోలేదు. ఆయన దరఖాస్తు మీద నేనే మొదటి సంతకం పెట్టాను.

వీకెండ్ మేడ మీద కలిసినప్పుడు ప్రతివాడూ 14 మిషన్లూ ఒక్కడే పూర్తి చేశానంటాడు. సాక్షి ఎవరయ్యా అంటే, అప్పటి రూమ్మేట్ ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడంటాడు. బెంగళూరు తెలుగువాళ్ల రూమ్మేట్లందరూ డల్లాస్‌లోనే ఎందుకున్నారో విచారణ సంఘమే తేల్చాలి. రెండో గ్లాసు తర్వాత మిషన్లు పదహారవుతున్నాయి, అది కూడా పరిశీలించాలి.

ప్రభుత్వానికి భారం పెట్టే ఉద్దేశం మాకు లేదు. పింఛను ఆలస్యమైనా సర్దుకుంటాం. పతకాలు రేకువైనా ఫర్వాలేదు. మిలిటరీ క్యాంటీన్ కార్డు ఒక్కటి మాత్రం ఈ నెలాఖరులోగా ఇప్పించాలి. కర్ణాటకలో మందు రేట్లు తెలిసినవాళ్లు ఎవరూ దీన్ని గొంతెమ్మ కోరిక అనరు.