డిస్కంలు ప్రభుత్వానివే, మరి బకాయిలు ఎవరివి?

1948లో బ్రిటన్‌లోని లేబర్ ప్రభుత్వం విద్యుత్ రంగాన్ని జాతీయం చేసింది. అదే ఏడాది మన దేశంలో వచ్చిన విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర విద్యుత్ బోర్డులకు దారి తీసింది. లాభం రాదని కంపెనీలు వదిలేసిన ఊళ్లకూ కరెంటు చేరాలని, ఆ ఖర్చు పన్నుల రూపంలో సమాజమంతా మోయాలని సామాజిక ప్రజాస్వామ్య రాజకీయాలు చెబుతాయి. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు పల్లెలకు లైన్లు వేసింది ఈ ఒరవడిలోనే.

1999లో సంస్కరణల పేరిట ఆ బోర్డును విడగొట్టారు. ఒడిశా పంపిణీని ప్రైవేటుకు అప్పగించింది కానీ మన దగ్గర అది జరగలేదు. చార్జీల పెంపునకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్‌లో కదిలిన జనంపై బషీర్‌బాగ్ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, నేటికీ ప్రభుత్వం చేతిలో ఉండటానికి ఆ ఉద్యమమే ప్రధాన కారణమని నా నమ్మకం.

2004లో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ఉచితమన్నది రైతుకే తప్ప డిస్కంకు కాదు. రాయితీ ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ చెల్లింపు ఆలస్యమైనప్పుడల్లా డిస్కం అప్పు తెచ్చి కరెంటు కొంటుంది, మరమ్మతులు వాయిదా వేస్తుంది. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులే తలా కొంత చందా వేసుకుని, దాన్ని ట్రాక్టర్‌లో మరమ్మతు కేంద్రానికి మోసుకుపోయే పరిస్థితి మన పల్లెలకు కొత్తేమీ కాదు. పట్నంలో అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి ఎప్పుడో వాడిన కరెంటు లెక్క 'ట్రూ అప్' పేరుతో ఈ నెల బిల్లులో కనిపిస్తుంది. ఆ తర్వాత అవే నష్టాలను చూపించి, ప్రభుత్వ సంస్థలు పనికిరావు కాబట్టి అమ్మేయాలంటారు. సంక్షేమాన్ని ప్రకటించి దాని ఖర్చును డిస్కం ఖాతాలోకి నెట్టే ప్రభుత్వం, ఏ పార్టీదైనా సరే, ప్రైవేటీకరణకు దారి తానే వేస్తోంది.

సిరిసిల్లలో 1970 నుంచి ఒక విద్యుత్ సహకార సంఘం పనిచేస్తోంది. దాని పాలకవర్గాన్ని సభ్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు. డిస్కంలలో వినియోగదారుడికి అలాంటి ఓటు లేదు, చార్జీలను ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం మాత్రమే ఉంది. కనీసం ప్రభుత్వం ఇవ్వాల్సిన రాయితీ ఎంత, ఇచ్చింది ఎంత, బకాయి ఎంత అన్న మూడు అంకెలను ప్రతి నెలా మన కరెంటు బిల్లు మీదే ముద్రించాలని ఆ విచారణల్లో మనం పట్టుబట్టాలి.