రాని పది గుర్రాలకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పది హార్స్ పవర్ల వారి దివ్య సముఖానికి,

నమస్కారం. తమరు క్షేమమని తలుస్తాను. చిరునామా తెలియక లేఖ ఇలా బహిరంగంగా రాయాల్సి వస్తోంది, మన్నించండి.

నిన్న సాయంత్రం కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నా పాత పద్మిని కారుని ఒక షేర్ ఆటో దాటిపోయింది. అందులో డ్రైవర్‌తో కలిపి తొమ్మిదిమంది. వెనక కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, అయ్యో పాపం అన్నట్టు తలూపాడు. ఆ తర్వాత రెండు నిమిషాలకే టెంపరేచర్ ముల్లు పైకి పోయి అక్కడే కూర్చుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పక్కనే కృష్ణమ్మ నిండుగా ఉంది. నేను మాత్రం రేడియేటర్‌లో పోయడానికి ఒక బాటిల్ నీళ్లివ్వమని దారినపోయే ప్రతివాడికీ చెయ్యెత్తాను.

మాఘమాసంలో వస్తామన్నారు. శ్రావణం కూడా వెళ్లిపోయింది.

మా బండిలో ఇప్పటికే నలభై గుర్రాలున్నాయి. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, 68 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 75 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). ముసలివైనా చెప్పిన మాట వినేవి. నాన్న వాటితోనే ఏళ్ల తరబడి తిరుపతి, అన్నవరం తిప్పారు. మీరు కూడా వస్తే యాభై అవుతాయని నాకో దురాశ. అందుకే మర్యాదల్లో లోటు చెయ్యలేదు. బోరు కొట్టించి సిలిండర్లు కాస్త వెడల్పు చేయించాను. వాటికి సరిపడే ట్వంటీ సైజు పిస్టన్ల కోసం ఆటోనగర్‌లో ఎక్కని షాపు మెట్టు లేదు. గాలి వచ్చిపోయే పోర్టులకి పాలిష్ పట్టించాను, మా హాలు గోడలకి కూడా అంత నునుపు లేదు. సైలెన్సర్ మార్చాను, దాంతో స్పీడ్ పెరగలేదు గానీ ఎదురింటి పిల్లాడి ఇంటర్ చదువు అటకెక్కింది. కార్బురేటర్‌కి పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్టు వేయించాను, ఇప్పుడు లీటరుకి ఏడు కిలోమీటర్లు. పెట్రోల్ బంకు కుర్రాళ్లు నన్ను దూరం నుంచే గుర్తుపట్టి నవ్వుతున్నారు.

ఇవన్నీ క్షమించేస్తాను. ఇంజన్‌కి మూతలా ఉండే హెడ్ సంగతి మాత్రం నా వల్ల కాదు.

కంప్రెషన్ పెరిగితేనే తమరు వస్తారని మా మేస్త్రి చెప్పాడు. అది నిజమే. హెడ్ అడుగున ఫేసింగ్ పట్టి కాస్త లోహం తీసేస్తే పైన మంట మండే గది చిన్నదవుతుంది, అదే గాలి, అదే పెట్రోలు ఇంకా గట్టిగా నలుగుతాయి. సరే, తియ్యమన్నాను. హెడ్ తిరిగొచ్చాక అడిగాను.

"ఎంత తీయించావు బాబాయ్?"

"కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెమే బాబూ. పికప్ కోసం." అని బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించాడు. ఆ సందులో అగ్గిపుల్ల పడుతుంది.

లేత్ షాపుకి వెళ్లి అడిగితే "మీ మేస్త్రి చెప్పినంతే తీశా" అన్నాడు. మేస్త్రిని అడిగితే "వాడు తీసినంత తీశాడు, ఇప్పుడు తిరిగి అతికించలేం కదా" అన్నాడు. అయ్యా, కొంచెం అనేది పులిహోరలో ఇంగువకి కొలత. సాంబార్లో బెల్లానికి కొలత. ఈ బోరుకి ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కోస్తే ఆ గదిలో మూడున్నర సీసీ దాకా మాయమవుతుంది. అసలు గదే నలభై సీసీ చిల్లర! నేను ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతుంటే వీళ్లు ఎన్ని చిటికెలో చెబుతున్నారు.

ఆ కొంచెం దెబ్బకి పెట్రోలు తనంతట తానే భగ్గుమనే నాకింగ్ మొదలైంది. మూడో గేరులో లోడు పడితే చాలు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. దానికి మేస్త్రి వైద్యం ఏమిటనుకున్నారు? స్పార్క్ ఎప్పుడు పడాలో చూసే డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎంత? కొంచెం! చప్పుడు ఆగింది. స్పార్క్ ఆలస్యంగా పడుతోంది కాబట్టి పిస్టన్ కిందికి దిగిపోతుంటే వెనకాల మంట పరిగెత్తుతోంది. తొయ్యాల్సిన శక్తి కాస్తా వేడైపోయి సైలెన్సర్లోకి, రేడియేటర్లోకి పోతోంది. అంటే మీ పదిమందీ రాకపోగా, ఉన్న నలభైలో ఎన్ని తాడు తెంపుకుపోయాయో లెక్కే లేదు. 72 వేలు పెట్టి షేర్ ఆటో కంటే వెనకబడ్డాను. ఇంకా తమరు, దివ్య సముఖం అనడం నా వల్ల కాదు. సిగ్గుండాలి! మీకు కాదు, నాకు. సన్నగా కొలిచే వెర్నియర్ చేతిలో లేకుండా హెడ్ లేత్‌కి పంపించినందుకు.

అయినా ఒక్క మాట దాచను. మీరు ఒకసారి వచ్చారు.

డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి పడకముందు, బండి బిగించిన మొదటి రాత్రి. పదిన్నర దాటింది, గొల్లపూడి దాటాక రోడ్డు ఖాళీ. స్టీరింగ్ పక్కన గేరు మూడులోకి లాగాను. అరవై దగ్గర ఎప్పుడూ ఆయాసపడే బండి, ఆ రాత్రి ఆగలేదు. సీటు వెనకనుంచి వీపుని నెట్టింది. పక్కన మేస్త్రి తొడ చరిచి, మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలం నాటి రన్‌వే మీద, ఈ ఫియట్లే (మా పద్మిని పాత పేరు అదే) రేసులు పరిగెత్తేవని మొదలుపెట్టాడు. మొత్తం మూడు కిలోమీటర్లు. తర్వాత గులకరాళ్ల చప్పుడు వినబడితే "అది కొత్త ఇంజన్ సౌండు బాబూ" అన్నాడు. నమ్మాను. ఆ మూడు కిలోమీటర్ల కోసం ఇంకేం చెప్పినా నమ్మేవాణ్ణి.

ఇవాళ హెడ్ మళ్లీ విప్పాం. రెండో సిలిండర్‌కీ మూడో సిలిండర్‌కీ మధ్య, హెడ్ కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలిపోయి ఉంది, గోరంత వెడల్పున నల్లటి దారి. స్క్రాప్‌లో ఎవరూ కొయ్యని పాత హెడ్ ఒకటి దొరికింది. ఈసారి గదుల్లో ఎంత పడుతుందో కొలవడానికి మెడికల్ షాపులో పెద్ద సిరంజి కొన్నాను. షాపతను ఎవరికండీ అనడిగితే ఇంజన్‌కి అని చెప్పాను, చిల్లర ఇస్తూ రెండుసార్లు నా మొహం చూశాడు. నాన్నయితే పేపర్లోంచి తలెత్తకుండా "ముందు ఆ నలభై ఉన్నాయో లేవో చూసుకోరా" అన్నారు.

ఆదివారం పదింటికి స్టార్ట్ చేస్తాం. పదిమందికీ కుదరకపోతే ఆరుగురొచ్చినా సర్దుకుంటాం. వచ్చేముందు ఒక్క మాట చెప్పండి, రేడియేటర్ నింపి ఉంచుతాను.

ఇట్లు,
బానెట్ ఎత్తి ఎదురుచూస్తున్న ఒక పద్మిని ఓనరు,
విజయవాడ