ముఖ్య అతిథికి మెత్తని కుర్చీ

ఆగస్టు 30న ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక వృద్ధాశ్రమంలో కాథలిక్కుల పునీత (సెయింట్) జాన్ జుగాన్ పండుగ ఘనంగా జరిగింది. ఉత్సవ కమిటీ ఆవిడ అడుగుజాడల్లోనే నడిచింది. కాకపోతే వెనక్కి నడిచింది.

1839 చలికాలంలో ఫ్రాన్స్‌లో ఆవిడ, చూపు లేని, పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మను తన ఇంటికి తెచ్చుకుంది. ఆమెకు తన మంచం ఇచ్చేసి, తాను అటక మీద పడుకుంది. మా ఆశ్రమంలోనూ పక్షవాతం వచ్చిన మామ్మ ఒకావిడ ఉంది. దిండు వేసిన కుర్చీ ఉన్నది ఆవిడకే. పొద్దున్నే ఆవిడను బెంచీ మీదకు జరిపి, ఆ కుర్చీని వేదిక మీదకు ఎక్కించారు. ముఖ్య అతిథికి నడుం నొప్పిట.

ఫ్లెక్సు సంగతీ చెప్పాలి. దాతల ముఖాలు సైకిల్ చక్రాలంత, పునీతురాలిది తపాలా బిళ్లంత. దీన్ని కొందరు ఆక్షేపించారు. వాళ్లకు చరిత్ర తెలియదు. జాన్ జుగాన్‌ను ఆవిడ పెట్టిన లిటిల్ సిస్టర్స్ అనే సన్యాసినుల సంఘంలోనే పక్కకు నెట్టేశారు. చివరి 27 ఏళ్లు ఆవిడ ఓ మూలనే ఉంది. స్థాపకురాలు ఆవిడేనని కొత్తగా చేరిన సిస్టర్లకే తెలియదు. 1879లో పోయింది. పునీత అని ప్రకటించింది 2009లో. ఇంత చరిత్రను ఒక్క ఫ్లెక్సులో చూపించడం మాటలా?

ఆవిడ బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగేది. ఒకాయన చెయ్యి చేసుకుంటే, ‘ఇది నాకు, మరి నా పేదవాళ్లకేం ఇస్తారు?’ అందని చెప్పుకుంటారు. మా కమిటీ కూడా బజారంతా తిరిగి చందా వసూలు చేసింది. ఒక్క దెబ్బా తినలేదు. సౌండ్ బాక్సులు, శాలువాలు, పూలదండలు పోను మిగిలినదాంతో పులిహోర.

ముఖ్య అతిథి ఒడియాలో ముప్పావుగంట మాట్లాడారు. దాన్ని తెలుగులో చెప్పడానికి ఇంకో గంట పట్టింది, అనువాదకుడికి సొంత భావాలు కూడా ఉన్నాయి మరి. ముందు వరసలో ఒక మామ్మ పక్కావిణ్ణి గిల్లింది.

‘ఏటంతన్నాడే?’

‘పెద్దోల్లని గౌరవించాలంట.’

‘అయితే బేగి అన్నం ఎట్టమను.’

పులిహోర వచ్చేసరికి రెండున్నర. షుగర్ మాత్రలు వేసుకున్నవాళ్లు అప్పటికే గోడకు ఆనుకుని ఉన్నారు. వాళ్లు ధ్యానంలో ఉన్నారనుకుని ఫొటోలు తీశారు, బాగా వచ్చాయి.

సాయంత్రానికి కుర్చీ తిరిగి వచ్చింది. దిండు మాత్రం ముఖ్య అతిథిగారి కారులో ఉండిపోయిందిట.